రూట్ కెనాల్ చేసిన పన్ను మళ్లీ ఎందుకు పాడవుతుంది: కాలువ తయారీ నుంచి పై ఫిల్లింగ్ దాకా

రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను మూడు నాలుగేళ్ల తర్వాత మళ్లీ వాస్తే, "వేరులో ఏదో సరిగ్గా తీయలేదు" అన్న అనుమానమే ముందుగా వస్తుంది. అది నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. కానీ ఎక్స్-రేలో నింపిన పదార్థపు తెల్లటి గీత వేరు చివరి దాకా చక్కగా దిగి ఉన్నా, దాని కింద ఎముకలో నల్లటి నీడ, అంటే ఎముక కరిగిన గుర్తు, కనిపించే పళ్లు కూడా తక్కువేమీ కాదు. అలాంటి పంటిని పైనుంచి జాగ్రత్తగా చూస్తే చాలాసార్లు ఫిల్లింగ్ అంచున సందు ఉంటుంది, లేదా క్యాప్ కింద కొత్తగా పుచ్చు మొదలై ఉంటుంది. వేరు లోపలి కాలువను (కెనాల్‌ను) మలచడం, కడగడం, నింపడం, పైన మూయడం అనేవి నాలుగు వేర్వేరు పనులు కావు. ఒకే పనికి నాలుగు దశలు. ఏ ఫైల్ (కాలువను గీకే సన్నటి లోహపు పనిముట్టు) వాడారు, ఏ మెషీన్ వాడారు అన్నదానికి దక్కుతున్న శ్రద్ధలో సగం కూడా చివరి దశకు దక్కడం లేదు.

ఈ వైద్యం ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఈ మాటలోని బరువు అర్థమవుతుంది. 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి, లోపలి గుజ్జును నోటికి తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల్లో ఆ గుజ్జు కుళ్లిపోయింది, వేరు చుట్టూ చీము పట్టింది. ఒంట్లో ఏ సూక్ష్మజీవీ లేకుండా ప్రత్యేకంగా పెంచిన ఎలుకల్లో మాత్రం గుజ్జు బతికే ఉంది. తిండి ముక్కలు ఇరుక్కున్నా, గాయం మీద డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే పంటి గట్టి పదార్థం) కొత్త పొరగా కట్టి తనంతట తనే మూసుకుంది. గాయం ఒకటే, తిండి ఒకటే. తేడా అంతా బ్యాక్టీరియాది. 1976లో స్వీడన్ పరిశోధకుడు సుండ్‌క్విస్ట్ మనుషుల పళ్లలో ఇదే చూపించాడు. దెబ్బ తగిలి లోపల గుజ్జు చచ్చిపోయిన పళ్లలో కూడా, కాలువలో బ్యాక్టీరియా ఉన్నవాటి కిందే ఎముక కరిగింది. చచ్చిపోయిన కణజాలం ఒక్కటే ఉండి, బ్యాక్టీరియా లేకపోతే ఎముకకు ఏమీ కాలేదు.

కాబట్టి మామూలు మాటల్లో "నరం తీసేయడం" అని పిలిచే ఈ చికిత్స అసలు లక్ష్యం నరం తీయడం కాదు. లోపల ఉన్న బ్యాక్టీరియాను వీలైనంత తగ్గించడం, మిగిలినవాటికి తిండి అందకుండా చేయడం, బయటివి మళ్లీ లోపలికి రాకుండా దారి మూయడం. ఈ మూడింటిలో మొదటిది మాత్రమే ఫైల్ చేతిలో ఉంది. అది కూడా పూర్తిగా లేదు.

ఎందుకు లేదంటే, క్లినిక్ గోడ మీద వేలాడే బొమ్మలో వేరు లోపల నున్నటి గొట్టం ఉన్నట్టు గీస్తారు గానీ నిజమైన పంటిలో అలా ఉండదు. స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ హెస్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వేల పళ్లలోకి రబ్బరు ఎక్కించి గట్టిపరిచి, చుట్టూ ఉన్న పంటిని కరిగించి, లోపలి ఖాళీ ఆకారాన్ని బయటికి తీశాడు. పెద్ద కాలువ నుంచి పొలాల్లోకి చీలే పిల్లకాలువల్లా, ప్రధాన కెనాల్ నుంచి పక్కలకు చీలికలు, రెండు కెనాల్‌ల మధ్య సన్నటి పల్చటి సందులు, వేరు కొసన నాలుగైదు పాయలు కనిపించాయి. పై దవడలో మొదటి పెద్ద దవడ పన్నుకు చెంపవైపు ముందు వేరులో రెండో కెనాల్ సగానికి పైగా పళ్లలో ఉంటుంది. మామూలు కంటికి దొరక్క దాన్ని వదిలేయడం ఈ పంటి వైద్యం విఫలమవడానికి పేరుమోసిన కారణం. కింది దవడ రెండో పెద్ద పన్నులో ఒక్కోసారి కెనాల్‌లు విడివిడిగా ఉండక, ఇంగ్లిష్ అక్షరం సి ఆకారంలో ఒకే వంపు సందుగా కలిసిపోతాయి. వీటన్నిటి గోడల్లో డెంటిన్ నాళాలు ఉంటాయి. గుజ్జుకు దగ్గరలో ఒక్కో నాళం వెడల్పు సుమారు 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), చదరపు మిల్లీమీటరుకు అలాంటివి నలభై వేలకు పైనే. బ్యాక్టీరియా పరిమాణం ఒక మైక్రాన్ అటూ ఇటూ. అంటే గోడ లోపలికి దూరి దాక్కోవడానికి వాటికి కావలసినంత చోటు ఉంది.

ఇలాంటి ఖాళీలోకి గుండ్రటి లోహపు ఫైల్‌ను పంపి, అన్ని మూలలూ గీకి శుభ్రం చేస్తామనుకోవడం అత్యాశ. 2001లో పీటర్స్ బృందం మైక్రో సీటీ స్కాన్‌తో చూసినప్పుడు, ఏ పద్ధతిలో ఏ ఫైల్ వాడినా కెనాల్ గోడలో 35 శాతం, అంతకన్నా ఎక్కువ భాగాన్ని ఫైల్ అసలు తాకనే లేదని తేలింది. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే కాలువ తయారీ పద్ధతుల మీద జరిగే వాదనలన్నీ వేరే వెలుగులో కనిపిస్తాయి. ఫైల్ పని గోకడం కన్నా దారి చేయడం. మందు ద్రవం కొస దాకా చేరడానికి, తర్వాత నింపే పదార్థం గట్టిగా కూర్చోవడానికి వీలైన ఆకారం ఇవ్వడం. 1974లో హెర్బర్ట్ షిల్డర్ ఈ ఆకారానికి గీసిన గీతలు ఇప్పటికీ చెల్లుతాయి. పైనుంచి కిందికి క్రమంగా సన్నబడాలి, అతి సన్నటి చోటు వేరు కొసనే ఉండాలి, కెనాల్‌కు పుట్టుకతో ఉన్న వంపు మారకూడదు, కొసన ఉన్న రంధ్రం తన చోటు నుంచి జరగకూడదు, వీలైనంత చిన్నగానే ఉండాలి.

చెప్పడం సులభం. వంపు తిరిగిన వేరులో ఇది చేయడమే అసలు పరీక్ష. చేతి ఫైళ్లకు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. 25 నంబరు ఎర్ర ఫైల్ అంటే దాని కొస వెడల్పు 0.25 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి ప్రతి మిల్లీమీటరుకు 0.02 చొప్పున లావవుతుంది. 15 తెలుపు, 20 పసుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ లావు కొంచెం పెరిగినా బిగుసుతనం చాలా వేగంగా పెరుగుతుంది. 10 నంబరు ఫైల్ వంపు వెంట మెత్తగా వెళ్తుంది. 30 నంబరు ఫైల్ నిటారుగా అవ్వాలని చూస్తుంది. అలా చూసినప్పుడు వంపు బయటి గోడను కొసన కొరుకుతుంది, లోపలి గోడను మధ్యలో అరగదీస్తుంది. అక్కడ చిన్న మెట్టు ఏర్పడిందంటే తర్వాతి ఫైల్ ఆ మెట్టు దాటి వెళ్లదు. ఇంకా బలవంతం చేస్తే వేరు గోడకే చిల్లు పడుతుంది.

పద్ధతులన్నీ ఈ ఒక్క చిక్కును తప్పించడానికే పుట్టాయి. 1960ల చివర, 70లలో స్థిరపడిన స్టెప్-బ్యాక్ పద్ధతిలో ముందు సన్నటి ఫైళ్లతో కొస దాకా వెళ్లి, అక్కడ అవసరమైన వెడల్పు రాగానే, ప్రతి పెద్ద ఫైల్‌ను ఒక మిల్లీమీటరు చొప్పున వెనక్కి ఆపుతారు. లావు ఫైల్ వంపులోకి దిగదు కాబట్టి వంపు దెబ్బతినదు. దీని బలహీనత ఒకటుంది. పైభాగం ఇంకా ఇరుకుగా, మురికిగా ఉండగానే ఫైల్ కొస దాకా వెళ్తుంది. దాంతో పైనున్న కుళ్లు కిందికి, కొన్నిసార్లు కొస దాటి ఎముకలోకి తోసుకుపోతుంది. చికిత్స జరిగిన రాత్రి వచ్చే తీవ్రమైన నొప్పి, వాపులకు ఇదొక కారణం. దీనికి జవాబుగా 1980 ప్రాంతంలో క్రౌన్-డౌన్ పద్ధతి వచ్చింది. ముందు పైభాగాన్ని వెడల్పు చేసి, కడిగి, పెద్ద ఫైల్ నుంచి చిన్న ఫైల్‌కు మారుతూ మెల్లగా కిందికి దిగడం. పై ఇరుకు తొలగిపోతే ఫైల్ ఎక్కడా పట్టుకోదు, చేతికి కొస స్పర్శ స్పష్టంగా తెలుస్తుంది, ద్రవం కూడా లోతుకు వెళ్తుంది. ఇవాళ మెషీన్ ఫైళ్లతో చేసే దాదాపు అన్ని పద్ధతుల వెనుకా ఉన్నది ఈ ఆలోచనే.

1985లో రోన్, సబాలా, డంకన్సన్ ప్రచురించిన బ్యాలెన్స్‌డ్ ఫోర్స్ పద్ధతికి ఇంకా ఎక్కువ గుర్తింపు దక్కాల్సింది. కొస పదును తీసేసిన ఫైల్‌ను కుడివైపు పావు చుట్టు తిప్పి డెంటిన్‌ను పట్టించాలి. తర్వాత కిందికి కొంచెం అదిమి ఉంచి ఎడమవైపు తిప్పితే పట్టుకున్న డెంటిన్ తెగుతుంది. మళ్లీ కుడివైపు తిప్పుతూ తెగిన పొట్టును పైకి తీయాలి. కేవలం చేతి కదలికను మార్చడం వల్ల బిరుసైన స్టీల్ ఫైల్ కూడా వంపు మధ్యలో నిలిచింది. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన ముందుకూ వెనక్కూ తిరిగే మెషీన్ ఫైళ్లు ఇదే సూత్రం మీద నడుస్తున్నాయి. 2008లో ఘసాన్ యారెద్ ఒకే మెషీన్ ఫైల్‌ను ఒక దిక్కున ఎక్కువ, మరో దిక్కున తక్కువ తిప్పుతూ కెనాల్ మొత్తం మలచవచ్చని చూపించాడు. ఫైల్ ఇరుక్కుని విరిగే లోపే వెనక్కి తిరగడం వల్ల దాని మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఈ రెండింటి మధ్యలో జరిగిన అసలు మార్పు లోహానిది. 1988లో వాలియా, బ్రాంట్లీ, గర్‌స్టీన్ పళ్లు సరిచేసే క్లిప్పులకు వాడే నికెల్-టైటానియం తీగ నుంచి ఫైళ్లు చెక్కించి పరీక్షించారు. అదే సైజు స్టీల్ ఫైల్ కన్నా రెండు మూడు రెట్లు సులభంగా వంగాయి. ఈ లోహం తన పొడవులో 8 శాతం వరకు సాగినా తిరిగి పాత ఆకారానికి వస్తుంది. స్టీల్ ఒక శాతం కూడా తట్టుకోదు. దాంతో వంపు తిరిగిన కెనాల్‌లోనూ మోటారుతో, నిమిషానికి సుమారు 300 చుట్లతో ఫైల్‌ను తిప్పడం సాధ్యమైంది. గంటలు పట్టే పని నిమిషాల్లోకి వచ్చింది, ఆకారం నిలకడగా రావడం మొదలైంది. కానీ నికెల్-టైటానియం ఫైల్ స్టీల్‌లా ముందు మెలి తిరిగి హెచ్చరించకుండానే లోపల విరగవచ్చు. వంపులో తిరిగే ప్రతి చుట్టుకూ లోహం ఒకసారి సాగి ఒకసారి నొక్కుకుంటుంది. ఆ అలసట కంటికి కనిపించదు. అందుకే మోటారు పెట్టే ముందు 10 లేదా 15 నంబరు చేతి ఫైల్‌తో కొస దాకా నున్నటి దారి చేసుకోవడం, ఒకే ఫైల్‌ను పదే పదే వాడకపోవడం మంచి క్లినిక్‌లో తప్పనిసరి. వేడి చికిత్స చేసిన కొత్త తరం ఫైళ్లు ఇంకా మెత్తగా ఉంటాయి, అలసటను ఎక్కువసేపు తట్టుకుంటాయి.

సమయం మిగిలిందన్న సంతోషంలో ఒక ప్రమాదం ఉంది. ఆకారం పది నిమిషాల్లో వచ్చేసినంత మాత్రాన శుభ్రం కూడా పది నిమిషాల్లో అయిపోదు. 1981లో బైస్ట్రోమ్, సుండ్‌క్విస్ట్ మందు లేకుండా ఉప్పునీటితో కడుగుతూ ఫైల్ చేస్తే బ్యాక్టీరియా వంద నుంచి వెయ్యి రెట్లు తగ్గినా పూర్తిగా పోలేదని చూశారు. తర్వాత సోడియం హైపోక్లోరైట్ వాడినప్పుడు ఫలితం మెరుగైంది. ఇది బ్లీచ్‌లో ఉండే రసాయనమే. 0.5 నుంచి 6 శాతం దాకా గాఢతల్లో వాడతారు. బ్యాక్టీరియాను చంపడమే కాక చచ్చిన కణజాలాన్ని కరిగించగల సత్తా దీనికే ఉంది. ఫైల్ తాకని ఆ 35 శాతం గోడకు దిక్కు ఈ ద్రవమే. దానికి రెండు షరతులు: చేరాలి, కాసేపు ఉండాలి. కొస మూసి పక్కన రంధ్రం ఉన్న సూది తన కొసకు ఒక మిల్లీమీటరు కింది దాకా మాత్రమే ద్రవాన్ని తిప్పగలదు. కెనాల్ మరీ ఇరుకుగా ఉంటే సూది లోతుకు దిగదు, అడుగున గాలి బుడగ చిక్కుకుంటుంది. కొస దగ్గర కనీస వెడల్పు కావాలనేది ఇందుకే. ద్రవాన్ని అల్ట్రాసోనిక్ తీగతో కదిలిస్తే పక్క సందుల్లోకి బాగా వెళ్తుంది. ఫైల్ గీకినప్పుడు గోడ మీద పేరుకున్న పొడి పొరను తీయడానికి చివర్లో 17 శాతం ఈడీటీఏ ద్రావణం వాడతారు. ఈ రెండింటినీ ఒకేసారి కలిపితే హైపోక్లోరైట్ బలం పడిపోతుంది. క్లోర్‌హెక్సిడిన్ అనే మరో క్రిమినాశక ద్రవంతో హైపోక్లోరైట్ కలిస్తే గోధుమరంగు మడ్డి పేరుకుని నాళాలను మూసేస్తుంది. ఒకటి కడిగాకే ఇంకొకటి వాడాలి. హైపోక్లోరైట్‌ను బలంగా ఒత్తి కొస దాటి పంపితే ఒక్కసారిగా తీవ్రమైన మంట, ముఖమంతా వాపు వస్తాయి. కాబట్టి సూది కెనాల్‌లో బిగుసుకోకూడదు, ఒత్తిడి మెల్లగా ఉండాలి.

ఎక్కడ ఆపాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. వేరు కొసకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపల కెనాల్ సహజంగా ఇరుకవుతుంది. అక్కడ ఆగడం ఉత్తమం. 1962లో సునాడా వేరు చుట్టూ ఉన్న పొరకూ నోటి లోపలి పొరకూ మధ్య విద్యుత్ నిరోధం దాదాపు స్థిరంగా ఉంటుందన్న పరిశీలన మీద ఒక పరికరం ఆలోచన ముందుకు తెచ్చాడు. వేరు కొస ఎక్కడుందో చూపే నేటి అపెక్స్ లొకేటర్లు దాని సంతానమే. ఎక్స్-రేతో కలిపి వాడితే కొలత చాలావరకు నమ్మదగ్గదిగా ఉంటుంది.

నింపే దశలో దాదాపు ప్రపంచమంతా వాడేది గట్టాపర్చా. పలాక్వియం చెట్ల పాల నుంచి వచ్చే ఈ పదార్థాన్ని 1867లో బౌమన్ కెనాల్‌లో వాడినప్పటి నుంచి దాని స్థానం కదల్లేదు. మనం చూసే గులాబీ పుల్లలో గట్టాపర్చా సుమారు ఐదో వంతే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. అది పంటి గోడకు అంటుకోదు. గోడకూ పుల్లకూ మధ్య సందును మూసేది సీలర్ అనే పలుచటి పేస్టు. అందుకే సీలర్ పొర వీలైనంత పలుచగా, గట్టాపర్చా వీలైనంత ఎక్కువగా ఉండాలన్నది పాత సూత్రం. సీలర్ కాలక్రమంలో కొంచెం కరుగుతుంది, గట్టాపర్చా కరగదు. పుల్లలను పక్కల నుంచి అదిమే పద్ధతి, వేడిచేసి పైనుంచి అదిమే పద్ధతి రెండూ ఇందుకే. వేడి పద్ధతి పక్క సందులను బాగా నింపుతుంది. చల్లటి పద్ధతిలో పొడవు మీద అదుపు ఎక్కువ. రోగి ఫలితంలో మాత్రం వీటి మధ్య పెద్ద తేడా రుజువు కాలేదు. కాల్షియం సిలికేట్ సీలర్లు వచ్చాక ఒకే పుల్ల పెట్టి సీలర్‌తో నింపడం మళ్లీ ఆదరణ పొందింది. ఇవి తేమలోనే గట్టిపడతాయి, పాత సీలర్లలా కుంచించుకుపోవడం తక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త కథ చెప్పుకోవాలి. 2004 ప్రాంతంలో గట్టాపర్చాకు బదులుగా రెసిలాన్ అనే పాలిస్టర్ పదార్థం వచ్చింది. రెజిన్ సీలర్‌తో గోడకు అతుక్కుని పుల్ల, సీలర్, పన్ను ఒకే ముద్దవుతాయన్నది వాగ్దానం. ప్రయోగశాలలో మొదటి ఫలితాలు బాగున్నాయి. నోట్లో కాలం గడిచాక పదార్థం శిథిలమైంది, వైఫల్యాలు పెరిగాయి, చివరికి వాడకం నుంచి తప్పుకుంది. రంగు ద్రావణంలో ముంచి ఎంత లోపలికి ఇంకిందో కొలిచే లీకేజీ పరీక్షల్లో గెలిచిన పదార్థం నోట్లో గెలుస్తుందన్న హామీ లేదు. ఆ పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగక, 2007లో ఈ రంగంలోని ప్రముఖ పత్రిక జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్ పదార్థాల సీల్‌ను పోల్చే అలాంటి వ్యాసాలను ఇక ప్రచురించబోమని ప్రకటించింది. ఇప్పటికీ కరపత్రాల్లో "లీకేజీ సున్నా" అని కనిపిస్తే, అది ఎక్కడ, ఎన్నాళ్లు కొలిచారన్న ప్రశ్న వేసి తీరాలి.

అయినా ఆ పరీక్షల్లో ఒక రకం మాత్రం పెద్ద పాఠం నేర్పింది. కెనాల్ చక్కగా నింపిన పంటిని పైన ఏమీ మూయకుండా లాలాజలానికి, బ్యాక్టీరియాకు వదిలేస్తే ఏమవుతుంది? 1990లో తొరాబినెజాద్ బృందం పరీక్షించినప్పుడు, ఒక రకం బ్యాక్టీరియా 19 రోజుల్లో, మరో రకం 42 రోజుల్లో సగానికి పైగా కెనాల్‌లను పై నుంచి కొస దాకా దాటేసింది. గట్టాపర్చా, సీలర్ కలిసి గట్టి గోడ కట్టలేవని దీనితో తేలింది. అవి దారిని నెమ్మదింపజేస్తాయి, అంతే.

1995లో రే, ట్రోప్ అనే ఇద్దరు 1010 పళ్ల ఎక్స్-రేలు చూశారు. కెనాల్ పని, పై ఫిల్లింగ్ రెండూ బాగున్న పళ్లలో 91 శాతానికి వేరు కింద జబ్బు లేదు. రెండూ బాగా లేనివాటిలో ఆరోగ్యంగా ఉన్నవి 18 శాతమే. ఆశ్చర్యపరిచింది మధ్యలోది. కెనాల్ బాగుండి ఫిల్లింగ్ బాగా లేని పళ్లలో 44 శాతం ఆరోగ్యంగా ఉంటే, కెనాల్ బాగా లేకపోయినా ఫిల్లింగ్ బాగున్నవాటిలో 68 శాతం దాకా ఆరోగ్యంగా ఉన్నాయి. ఐదేళ్ల తర్వాత ట్రోన్‌స్టాడ్ బృందం ఇలాంటి లెక్కే తీస్తే ఫలితం వేరుగా వచ్చింది, అక్కడ కెనాల్ నాణ్యతకే ఎక్కువ బరువు కనిపించింది. 2011లో గిలెన్ బృందం అన్ని అధ్యయనాలనూ కలిపి చూసి, రెండూ బాగున్నప్పుడే మంచి ఫలితం వస్తుందని, ఏ ఒక్కటి చెడినా నష్టం దాదాపు సమానమని తేల్చింది. ఎక్స్-రేలో ఫిల్లింగ్ బాగున్నట్టు కనిపించడానికీ నిజంగా సీల్ అవడానికీ తేడా ఉందన్న అభ్యంతరం సరైనదే. అది గుర్తుంచుకున్నా, పై ఫిల్లింగ్‌ను "తర్వాత చూద్దాం" అనే పనిగా వదిలేయడానికి ఈ అంకెల్లో ఎక్కడా చోటు లేదు.

నిజానికి సీల్ మొదలవ్వాల్సింది మొదటి నిమిషం నుంచే. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ మొదలుపెట్టిన రబ్బర్ డ్యామ్, అంటే పంటి చుట్టూ బిగించే పల్చటి రబ్బరు తెర, లాలాజలాన్ని పంటి నుంచి వేరు చేస్తుంది. అది లేకుండా పని జరిగితే ఒకవైపు కడుగుతూ మరోవైపు ఉమ్మిలోని బ్యాక్టీరియాను ఎక్కిస్తున్నట్టే. ఫైల్ గొంతులోకి జారే ప్రమాదం అదనం. ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ అయిన ఈ తెరను చాలాచోట్ల ఇంకా పక్కన పెడుతున్నారంటే బాధ కలుగుతుంది. పాత పుచ్చు, చిట్లిన పాత ఫిల్లింగ్ మొదటే పూర్తిగా తీసేసి, గోడ విరిగిన చోట కొత్త గోడ కట్టుకుని అప్పుడు కెనాల్ తెరవాలి.

రెండు మూడు సిట్టింగుల్లో చేసేటప్పుడు మధ్యలో పెట్టే తాత్కాలిక ఫిల్లింగ్‌ది మరో కథ. తేమ తగిలి వ్యాకోచించే కాల్షియం సల్ఫేట్ రకం పదార్థాలు అంచును బాగా మూస్తాయి, కానీ కనీసం 3.5 మిల్లీమీటర్ల మందం ఉంటేనే. కింద దూది ఉండ పెద్దది పెడితే ఆ మందం మిగలదు. దూది పోగు ఒకటి అంచులోకి వచ్చిందంటే దాని వెంట లాలాజలం లోపలికి పాకుతుంది. దూదికి బదులు చిన్న టెఫ్లాన్ టేప్ ముక్క వాడటం మెరుగు. ఇలాంటి ఫిల్లింగ్ కొన్ని వారాలకు మించి నిలబడేది కాదు. నొప్పి పోయింది కదా అని తర్వాతి అపాయింట్‌మెంట్‌ను నెలల తరబడి వాయిదా వేస్తే, అప్పటిదాకా జరిగిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

శాశ్వత ఫిల్లింగ్‌లో ఇవాళ ఎక్కువగా వాడే, పంటి రంగులో ఉండే రెజిన్ పదార్థమైన కాంపోజిట్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. పెట్టె లాంటి లోతైన గుంటలో అన్ని గోడలకూ ఒకేసారి అతికితే, ఆ లాగుడు ఏదో ఒక గోడ దగ్గర అతుకును విప్పేస్తుంది. కెనాల్ తెరిచిన పంటిలోని గది సరిగ్గా అలాంటి పెట్టె. అందుకే పొరలు పొరలుగా వేయాలి, అడుగున తక్కువగా కుంచించుకునే పదార్థం పరవాలి. ఎనామెల్‌కు అతుకు గట్టిగా నిలుస్తుంది. 1955లో బ్యూనోకోర్ ఆమ్లంతో ఎనామెల్‌ను గరుకు చేయడం చూపించినప్పటి నుంచి ఆ సంగతి తెలుసు. డెంటిన్‌తో అతుకు అంత నమ్మకం కాదు. పైగా కెనాల్ చేసిన పంటిలో డెంటిన్ హైపోక్లోరైట్‌లో నాని ఉంటుంది. దాని నుంచి మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను సరిగ్గా గట్టిపడనివ్వదు. యూజినాల్, అంటే లవంగ నూనెలోని పదార్థం, కలిసిన సీలర్ గోడకు అంటుకుని ఉన్నా ఇదే తంటా. గోడలను పలుచగా గీకి కొత్త డెంటిన్ బయటపెట్టడం, సీలర్ మరకలు పూర్తిగా తుడవడం ఐదు నిమిషాల పని. కానీ అతుకు భవితవ్యం అక్కడే ఉంది.

అసలు బలహీనమైన చోటు రెండు పళ్ల మధ్య, చిగురు అంచున ఉంటుంది. అక్కడ ఎనామెల్ ఉండదు లేదా పలుచగా ఉంటుంది, రక్తం, తేమ ఊరుతూ ఉంటాయి, కంటికి సరిగ్గా కనిపించదు. మళ్లీ పుచ్చు మొదలయ్యేది ఎక్కువగా ఇక్కడే. దంతానికి రసాయనికంగా అంటుకునే గ్లాస్ అయొనోమర్‌ను అడుగు పొరగా వాడటం, కెనాల్ ముఖాల దగ్గర రెండు మిల్లీమీటర్ల గట్టాపర్చా తీసి అక్కడ అతికే పదార్థంతో విడిగా మూత వేయడం రెండో కోటగా పనికొస్తాయి. పై ఫిల్లింగ్ రేపు లీకైనా కెనాల్‌కు కొంత రక్షణ మిగులుతుంది.

సీల్ అంటే రసాయనం ఒక్కటే కాదు, పంటి బలం కూడా. రూట్ కెనాల్ చేస్తే పన్ను ఎండిపోయి పెళుసవుతుందని చాలామంది నమ్ముతారు. 1992లో సెడ్జ్లీ, మెస్సర్ ఒకే మనిషి రెండు వైపుల పళ్లను పోల్చినప్పుడు అలాంటి తేడా దాదాపు కనిపించలేదు. 1989 నాటి మరో పరీక్షలో కెనాల్ కోసం తెరవడం వల్ల పంటి దృఢత్వం 5 శాతమే తగ్గింది. రెండు పక్కల గట్లూ పోయిన పెద్ద గుంటల వల్ల మాత్రం 63 శాతం తగ్గింది. అంటే పన్నును బలహీనం చేసేది పుచ్చు, దాన్ని తీయడానికి కోసిన గోడలు. ఆ గోడలు నమిలే ప్రతిసారీ కొంచెం విచ్చుకుంటాయి. అతుకు అలసి విడిపోతుంది, సందులోకి ద్రవం పంపు కొట్టినట్టు పోతుంది. వెనక పళ్లకు, నమిలే పైభాగంలోని కొమ్ములను కప్పే క్యాప్ అవసరమయ్యేది ఇందుకే. 2002లో అక్విలినో, కాప్లన్ అధ్యయనంలో క్యాప్ లేని పళ్లు క్యాప్ ఉన్నవాటికన్నా ఆరు రెట్ల వేగంతో పోయాయి. చుట్టూ గోడలు బాగా మిగిలి, చిన్న రంధ్రం మాత్రమే ఉన్న పంటికి ఇది వర్తించదు. ముందు పళ్లకు చాలాసార్లు మంచి ఫిల్లింగ్ చాలు. క్యాప్ వేసినా, దాని అంచు చుట్టూ కనీసం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల సొంత పన్నును పట్టుకుని ఉండాలి. ఫిల్లింగ్ పదార్థాన్ని మాత్రమే పట్టుకున్న క్యాప్ కాలం గడిచేకొద్దీ కదులుతుంది.

రోగి వైపు నుంచి చూస్తే అతి పెద్ద చిక్కు నొప్పి లేకపోవడం. మామూలు పంటిలో పుచ్చు పడితే చల్లనీళ్లకు జివ్వుమంటుంది, తీపికి లాగుతుంది. కెనాల్ చేసిన పంటిలో ఆ హెచ్చరిక ఇచ్చే నరం ఉండదు. ఫిల్లింగ్ అంచు విరిగినా, క్యాప్ కింద పన్ను మెత్తబడి కరుగుతున్నా ఏమీ తెలియదు. తెలిసే నాటికి చిగురు మీద చిన్న చీము పొక్కు లేచి ఉంటుంది లేదా పన్ను రెండుగా చీలి ఉంటుంది. కాబట్టి ఈ పళ్లకు నొప్పి కోసం ఎదురుచూడకూడదు. తిండి ఇరుక్కోవడం, నోట్లో అదే చోట దుర్వాసన, క్యాప్ కొంచెం కదిలినట్టు ఉండటం, ఫిల్లింగ్ ముక్క ఊడటం, వీటిలో ఏదైనా చాలు డెంటిస్ట్‌ను కలవడానికి. యూరోపియన్ సొసైటీ ఆఫ్ ఎండోడాంటాలజీ కనీసం ఏడాది గడిచాక ఒక ఎక్స్-రే తీసి చూడాలని, పూర్తిగా మానకపోతే నాలుగేళ్ల వరకు గమనించాలని సూచించింది. ఎముకలోని నీడ తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఆరు నెలలకు నీడ కనిపించినంత మాత్రాన చికిత్స చెడిందని అనుకోనక్కర్లేదు, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ముఖ్యం.

ఫిల్లింగ్ ఊడి కెనాల్ నోటికి తెరుచుకుని కొంతకాలం గడిచాక వచ్చినవారికి, లోపలి నింపుడును కూడా మార్చాలా అన్న ప్రశ్న వస్తుంది. ప్రయోగశాల లెక్కలను బట్టి మూడు నెలలు దాటితే మళ్లీ చేయాలన్న సూచన 1991 నుంచి ఉంది. కానీ 2003లో రికూచి, బెర్గెన్‌హోల్ట్స్ మూడు నెలలకు పైగా తెరిచి ఉన్న పళ్లను కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే, మొదట పని బాగా చేసినవాటిలో చాలావరకు బ్యాక్టీరియా కొస దాకా చేరలేదు. రోజులు లెక్కపెట్టి ఒకే నియమం అందరికీ వర్తింపజేయడం కన్నా, మొదటి చికిత్స ఎలా జరిగిందో, గట్టాపర్చా మెత్తబడి పుచ్చు దాని పక్కకు దిగిందో లేదో, ఎక్స్-రేలో కొత్త నీడ ఉందో లేదో చూసి నిర్ణయించడం న్యాయం. ఒక్క సందర్భంలో మాత్రం వెనకాడకూడదు. ఆ పంటి మీద కొత్తగా క్యాప్ వేయబోతుంటే, లోపల అనుమానం ఏ కాస్త ఉన్నా ముందు కెనాల్ మళ్లీ చేసి, సీల్ వేసి, తర్వాతే క్యాప్ వేయాలి. క్యాప్ బిగించాక లోపలికి వెళ్లాలంటే దాన్నే కోయాల్సి వస్తుంది.